ఫైబర్ హాట్ రాడ్‌కు డోర్ కూర్చోబెట్టే పద్ధతి

తమ్ముడూ, మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. హాట్ రాడ్, అంటే పాత కారు రూపంలో సొంతంగా కట్టుకునే బండి చేయాలని, 1932 ఫోర్డు రోడ్‌స్టర్ ఆకారంలో పోసిన ఫైబర్ బాడీ తెచ్చుకున్నారు. ఛాసిస్ అంబత్తూరులో చేయించారు. డోర్లు విడిగా వచ్చాయి. డ్రైవర్ వైపు డోర్‌ను ముందు అంచు సమంగా ఉండేలా పెట్టి చూస్తే, వెనక అంచు దగ్గర సందు పైన 2 మి.మీ., కింద 9 మి.మీ. వస్తోంది. పైగా వెనక పై మూల బాడీ కన్నా ఆరేడు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చింది. ఫైబర్ పని చేసే ఆయన డోర్ అంచు కోసి, పుట్టీ పెట్టి లెవెల్ చేసేద్దామన్నారు. కోయమంటారా అని అడిగారు.

కోయకండి. ఇప్పుడు ఆ అంచు మీద గ్రైండర్ పెడితే, రేపు ఇంజన్ ఎక్కించాక సందు మళ్ళీ మారుతుంది. కోసిన చోటే మళ్ళీ కట్టుకుంటూ రావాలి. మీ కొలతలు చూస్తే తేడా డోర్‌లో కన్నా డోర్ కూర్చునే ఖాళీలోనే ఎక్కువగా ఉన్నట్టుంది. పైన బిగిసి కింద తెరుచుకుందంటే మామూలుగా బాడీ నడుము దగ్గర కిందికి దిగిందని అర్థం. అది ప్యాకింగ్‌తో, అంటే బాడీని ఛాసిస్‌కు బిగించే మౌంట్ల కింద రేకు ముక్కలు పెడితే లేచే పని. మూల బయటికి రావడం వేరే సంగతి, దానికి మెలిక చూడాలి. రెండూ చెప్తాను.

ఇనుప రేకు కారుకు డోర్ ఖాళీ తనంతట తానే నిలబడుతుంది. రేకును ప్రెస్‌లో మడిచి, స్పాట్ వెల్డింగ్ చేసి, పెట్టెలా కట్టేస్తారు. రోడ్‌స్టర్‌కు టాప్ లేదు. డోర్ ఖాళీ పైభాగం గాలికి వదిలేసినట్టే. బాడీ ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపేది కింద ఉన్న గుమ్మం పట్టీ ఒక్కటే. ఆ పట్టీ కూడా నాలుగైదు మిల్లీమీటర్ల ఫైబర్. మూత కోసేసిన అట్టపెట్టెను ఒక మూల పట్టుకుని ఎత్తితే ఎలా మెలి తిరుగుతుందో ఈ బాడీ అలా తిరుగుతుంది. అందుకే ఫైబర్ బాడీకి సొంత ఆకారం ఉందని అనుకోకూడదు. దాన్ని దేనిమీద, ఎలా బిగిస్తే ఆ ఆకారం తీసుకుంటుంది.

పెద్ద కంపెనీలకు కూడా ఇది తప్పలేదు. షెవ్రొలే కార్వెట్ 1953 నుంచి ఫైబర్ బాడీతోనే వచ్చింది. 1963లో వచ్చిన రెండో తరం కార్వెట్‌లో ఫైబర్ లోపల ఉక్కు చట్రం ఉంటుంది, దాన్ని వాళ్ళు బర్డ్‌కేజ్ అంటారు. డోర్ హింజ్‌లు ఆ ఉక్కుకు బిగుస్తాయి. ఫైబర్ పైన తొడిగిన చర్మం మాత్రమే. మీ బండికి కూడా ఇదే సూత్రం పెట్టుకోండి: డోర్ బరువు, లాక్ దెబ్బ, బాడీ మెలిక అన్నీ ఉక్కు మొయ్యాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. బాడీ మోల్డ్‌లోంచి తీసి ఎన్నాళ్ళయింది? గాజు పోగులను పట్టి ఉంచే పాలిస్టర్ రెసిన్ చేతికి గట్టిగా తగిలినా లోపల ఇంకా కొన్ని వారాలు ముదురుతూనే ఉంటుంది, ముదిరే కొద్దీ కుంచించుకుంటుంది. కొత్త బాడీని షెడ్డులో రెండు టైర్ల మీద పడేస్తే, ఆ పడుకున్న వంకరే ఖాయమైపోతుంది. బాడీ ఇంకా పచ్చిగా ఉంటే, ఛాసిస్‌కు బిగించి, డోర్లు మాస్కింగ్ టేపుతో వాటి చోట్లలో నిలిపి, కొన్ని వారాలు ఎండలో ఉంచండి. మన చెన్నై ఎండకు ఇంతకన్నా మంచి ఓవెన్ దొరకదు. ఆ తర్వాత తీసుకున్న కొలతలే నమ్మదగ్గవి.

ఇప్పుడు ఛాసిస్. దాన్ని ఇరుసులు ఉండే చోట్లలోనే ఆనించండి. మధ్యలో స్టాండ్లు పెట్టొద్దు. మధ్యలో ఎత్తి పట్టుకుంటే బండి రోడ్డు మీద నిలబడే తీరుకు అది వేరుగా ఉంటుంది. ఛాసిస్ రెండు రైళ్ళ (పొడవాటి పక్క దూలాల) మీదా అడ్డంగా, నిలువుగా రసమట్టం పెట్టి సరిచూసుకోండి. తర్వాత బరువు ఎక్కించండి. ఇంజన్, గేర్‌బాక్స్ చేతికి రాలేదంటే వాటి బరువుకు సరిపడా ఇసుక సంచులు అవి కూర్చునే చోటే పెట్టండి. రేడియేటర్, పెట్రోలు ట్యాంకు బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. సీట్లలో ఇద్దరు మనుషులు కూర్చుంటే 140 కిలోలు దాకా పడుతుంది. ఇద్దరిని కూర్చోబెట్టి సందు మారిందేమో కొలవండి. అర మిల్లీమీటరు కన్నా ఎక్కువ మారితే లోపం బాడీలో లేదు, ఛాసిస్ బలం చాలడం లేదు. అలాంటప్పుడు డోర్ పని ఆపేసి, ఛాసిస్‌కు మధ్య క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) గట్టిగా వేయించుకోవడమే మంచిది.

బరువు ఎక్కాక బాడీ బోల్టులు వదులు చేసి, ప్యాకింగ్ మొదలుపెట్టండి. ఎక్కడ ఎత్తితే ఏమవుతుందో తెలిస్తే ఈ పని సగం అయినట్టే. బాడీ వెనక చివర మౌంట్ కింద ప్యాకింగ్ పెడితే వెనక సగం ముందుకు వాలుతుంది, డోర్ ఖాళీ పైన మూసుకుంటుంది. ముందు ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ సీట్లకూ మధ్య గోడ) దగ్గర మౌంట్ ఎత్తితే ముందు సగం వెనక్కి వాలుతుంది, అప్పుడూ పైనే మూసుకుంటుంది. డోర్ స్తంభాల కింద ఉన్న మధ్య మౌంట్లు ఎత్తితే రెండు సగాలూ దూరంగా వాలి, పైన తెరుచుకుంటుంది. మీకు పైన 2, కింద 9 ఉంది కాబట్టి మధ్య మౌంట్ల కింద ప్యాకింగ్ పెట్టాలి, లేదా చివర మౌంట్ల కింద ఉన్నది తీసేయాలి. ఒక్కసారే మందంగా పెట్టకండి. 1 మి.మీ. రేకు ముక్క పెట్టి, బోల్టు చేత్తో బిగించి, సందు కొలిచి, తర్వాత ఇంకోటి. మౌంట్ దగ్గర జరిగిన ఒక మిల్లీమీటరు డోర్ పైభాగం చేరేసరికి పెరుగుతుంది, ఎందుకంటే అది ఎత్తులో ఉంది.

సందు కొలవడానికి ప్రత్యేకమైన పనిముట్టు అక్కర్లేదు. 4, 5, 6 మి.మీ. డ్రిల్ బిట్ల తోక భాగం వాడండి, అది నున్నగా ఉండి సందులో నిలువుగా జారుతుంది. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల మాస్కింగ్ టేపు అంటించి, కొలతను ఆ టేపు మీదే రాసిపెట్టండి. ప్యాకింగ్ మార్చినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాస్తే, ఏ ముక్క ఎంత కదిలించిందో కళ్ళ ముందే ఉంటుంది.

మూల బయటికి రావడం సంగతి. దీనికి డోర్ తీసేసి, ఖాళీ కర్ణాలు కొలవండి: ముందు పై మూల నుంచి వెనక కింది మూలకు, ముందు కింది మూల నుంచి వెనక పై మూలకు. రెండు వైపులా కొలిచి ఎడమనూ కుడినీ పోల్చండి. తర్వాత బాడీకి అడ్డంగా, ఎడమ ముందు పై మూల నుంచి కుడి వెనక పై మూలకు, దానికి వ్యతిరేకంగా ఇంకోటి. ఈ అడ్డ కర్ణాలు రెండూ ఒకటే ఉండి, రెండు స్తంభాల మీదా తూకం గుండు వేలాడదీస్తే వాలు కూడా సమంగా ఉంటే, బాడీ మెలి తిరగలేదు. అప్పుడు మెలిక డోర్‌లో ఉన్నట్టు. తేడా వస్తే ఒక పక్క మౌంట్లకు ప్యాకింగ్ మార్చి ముందు బాడీనే సరిచేయాలి.

డోర్‌లో మెలిక ఉంటే దాన్ని అంచు కోసి సరిచేయలేం. ఫైబర్ డోర్ అంటే బయటి పెంకు, లోపలి పెంకు అంచుల్లో అంటించి ఉంటాయి. అంటించినప్పుడు ఎలా ఉంటే అలా బిగుసుకుపోతుంది. లోపలి పెంకులో అక్కడక్కడా కటింగ్ వీల్‌తో చీలికలు పెట్టి, బిగువు వదిలించి, డోర్‌ను ఖాళీలో బాడీతో సమంగా సి-క్లాంపులతో పట్టించాలి. ఆ స్థితిలోనే చీలికల మీద మ్యాట్ (గాజు పోగుల చాప) వేసి, లోపల ఉక్కు ఫ్రేమ్ అంటించి, పూర్తిగా ముదిరేదాకా వదిలేయాలి. తొందరపడి మర్నాడే క్లాంపులు తీస్తే మళ్ళీ పాత వంకరకే పోతుంది.

బాడీ నిలబడ్డాక ఉక్కు పని. 25 మి.మీ. స్క్వేర్ ట్యూబు, 1.6 మి.మీ. మందం చాలు. ముందు స్తంభం, వెనక స్తంభం, కింద గుమ్మం వెంబడి ఒక ట్యూబు, డాష్‌బోర్డు కింద అడ్డంగా ఒకటి, సీటు వెనక అడ్డంగా ఒకటి, అన్నీ కలిసి బాడీ బోల్టుల దాకా దిగాలి. డాష్ కింద అడ్డ ట్యూబు లేకపోతే బాడీ పక్కలు కాలక్రమంలో విచ్చుకుంటాయి, అప్పుడు ఎంత బాగా అమర్చిన లాకైనా పట్టుకోదు. హింజ్ వచ్చే స్తంభం మాత్రం 40 మి.మీ. ట్యూబుతో చేయించి, హింజ్ బిగిసే చోట 5 లేదా 6 మి.మీ. ప్లేటు పెట్టండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ట్యూబులను బాడీలో పెట్టి టాక్ (చుక్క వెల్డింగ్) మాత్రమే వేయించండి, వెనక తడి గోనెగుడ్డ, రేకు అడ్డుపెట్టి. తర్వాత చట్రాన్ని విప్పి బయటికి తీసి, పూర్తి వెల్డింగ్ బయటే చేయించండి. రెసిన్ డబ్బా తెరిచి ఉన్న షెడ్డులో వెల్డింగ్ గానీ గ్రైండింగ్ గానీ అసలు వద్దు. పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ 31 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. చెన్నైలో సంవత్సరంలో ఎక్కువ రోజులు మధ్యాహ్నం షెడ్డు లోపల అంతకన్నా వేడే ఉంటుంది. రెసిన్ పని ఒక రోజు, నిప్పు పని ఇంకో రోజు, డబ్బాలు వేరే చోట. దీంట్లో మినహాయింపు పెట్టుకోవద్దు.

చట్రాన్ని ఫైబర్‌కు అంటించేటప్పుడు మన వాళ్ళు మామూలుగా పాలిస్టర్ రెసిన్, మ్యాట్ వేసి చుట్టేస్తారు. పాలిస్టర్ ఇనుముకు సరిగా పట్టదు, కొన్నాళ్ళకు లోపల ఊడి కదలడం మొదలవుతుంది. ఎపాక్సీ అంటు గానీ మెథాక్రిలేట్ అంటు గానీ వాడండి. ఇనుమును 40 నంబరు ఎమరీతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, ఆ వెంటనే అంటించండి. ఫైబర్ లోపలి వైపు కూడా మెరుపు పోయేదాకా గీకాలి. ట్యూబును బయటి పెంకు వెంబడి నేరుగా అంటించవద్దు. అంటు ముదిరేటప్పుడు లాగే లాగుడుకు బయట గీతలా కనపడుతుంది, అది పెయింట్ వేశాక మెరుపులో స్పష్టంగా తెలుస్తుంది. ట్యూబు అంటాల్సింది లోపలికి మడిచిన అంచులకే. బయటి పెంకుకూ ట్యూబుకూ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, అక్కడక్కడా విండ్‌షీల్డ్ అంటించే పాలీయురెథేన్ గుండ్రంగా పెట్టండి. అది రబ్బరులా ఉండి, లాగదు, దడదడ శబ్దం కూడా రానివ్వదు.

ఎపాక్సీ గురించి ఇంకో జాగ్రత్త. పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగానే పడుతుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టదు. కాబట్టి మ్యాట్ పని అంతా ముందు, ఎపాక్సీ తర్వాత. మామూలు చాప్డ్ మ్యాట్‌ను ఎపాక్సీతో వేయకండి. ఆ మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే జిగురు స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. తడవక, లోపల తెల్లగా మిగిలిపోతుంది. ఎపాక్సీకి నేసిన గుడ్డ వాడాలి.

ఇప్పుడు హింజ్‌లు. డోర్‌ను హింజ్‌లకు వేలాడదీసి తర్వాత సందు సరిచేద్దామనుకుంటారు చాలామంది. క్రమం తిరగేయండి. ముందు డోర్‌ను ఖాళీలో అన్ని వైపులా సరైన సందుతో, బాడీతో సమంగా, క్లాంపులతో, 5 మి.మీ. రబ్బరు ముక్కలతో నిలబెట్టండి. ఇక కదలదు అన్నాక, హింజ్‌లను ఆ డోర్ ఉన్న చోటికి తయారు చేయించండి. డోర్ హింజ్ కోసం జరగకూడదు.

పై హింజ్ పిన్ను, కింది హింజ్ పిన్ను ఒకే గీతలో ఉండాలి. ఇది అర మిల్లీమీటరు తప్పినా డోర్ తెరిచేటప్పుడు బిగుస్తుంది, ఆ బిగువంతా ఫైబర్ మీద పడి పగుళ్ళు తెస్తుంది. రెండు హింజ్‌ల గొట్టాల్లోంచి ఒకే తిన్నని బ్రైట్ రాడ్ (నున్నటి ఉక్కు కడ్డీ) దూర్చి, ఆ రాడ్ ఉండగానే రెంటినీ టాక్ వేయించండి. చల్లారాక రాడ్ చేత్తో తిరిగితే సరి. హింజ్‌ల మధ్య దూరం ఎంత ఎక్కువైతే డోర్ అంత తక్కువ వేలాడుతుంది. ఆ గీత నిలువుగా ఉండాలి. రసమట్టం రెండు వైపులా పెట్టి చూడండి. పైన లోపలికో బయటికో వాలితే డోర్ తెరిచే కొద్దీ పైకి లేవడమో, కిందికి దిగి గుమ్మానికి తగలడమో జరుగుతుంది.

మీరు లోపల దాగి ఉండే హింజ్‌లు కావాలన్నారు. బండి నున్నగా కనపడుతుంది, నిజమే. కానీ ఆ కాలపు ఫోర్డులకు హింజ్‌లు బయటికే కనపడేవి, అందులో ఒక సౌలభ్యం ఉంది. పిన్ను బాడీ చర్మానికి బయట ఉంటే డోర్ ముందు అంచు తెరిచేటప్పుడు బాడీకి దూరంగా పోతుంది. పిన్ను లోపల ఉంటే ఆ అంచు ముందుకు తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో లెక్క వేయవచ్చు. పిన్ను బయటి చర్మం నుంచి 30 మి.మీ. లోపలికి, డోర్ ముందు అంచు నుంచి 30 మి.మీ. వెనక్కి ఉందనుకోండి. పిన్ను నుంచి అంచు మూలకు దూరం 42 చిల్లర. మూసినప్పుడు అందులో ముందుకు ఉన్నది 30 మాత్రమే. తెరిచేటప్పుడు మూల పూర్తిగా ముందుకు తిరిగే వేళకు దాదాపు 12 మి.మీ. ముందుకు వస్తుంది. మీ సందు 5. బాడీ అంచు లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి తప్పకుండా తగులుతుంది, అంచు చిట్లుతుంది. అదే పిన్నును 15 మి.మీ. లోపలికి, 40 మి.మీ. వెనక్కి పెడితే మూల ముందుకు వచ్చేది 3 మి.మీ. లోపే. సందులో సరిపోతుంది, కాకపోతే అంచు లోపలికి తిరగడానికి స్తంభం దగ్గర చోటు వదలాలి.

కాగితం మీద లెక్క నచ్చకపోతే ప్లైవుడ్ ముక్క మీద నిజమైన కొలతకే పైనుంచి కనపడే చిత్రం గీయండి: బాడీ అంచు, స్తంభం, సందు. డోర్ ముందు భాగాన్ని అట్టలో కత్తిరించి, పిన్ను అనుకున్న చోట చిన్న మేకు గుచ్చి తిప్పండి. ఎక్కడ తగులుతుందో కళ్ళారా చూస్తారు. మేకును రెండు మూడు మిల్లీమీటర్లు ఇటూ అటూ జరిపితే ఎంత తేడా వస్తుందో కూడా తెలుస్తుంది. హింజ్ ఉన్న ఎత్తులో డోర్ వంపు వేరుగా ఉంటుంది కాబట్టి పై హింజ్‌కు ఒకటి, కింది హింజ్‌కు ఒకటి విడిగా గీయండి. ఇంత చేశాక కూడా చోటు చాలకపోతే హంసమెడ వంపు ఉన్న హింజ్ వాడాలి, దాని పిన్ను బాడీ వైపు, సందుకు ముందు ఉంటుంది, అంచును బయటికి లాగుతుంది. మొదటి బండి కాబట్టి నా సలహా మాత్రం బయటి హింజ్‌లే. చక్కగా పాలిష్ చేసి పెడితే అందంగానే ఉంటాయి.

వెనక్కి హింజ్ పెట్టి ముందు నుంచి తెరిచే డోర్ గురించి కూడా అడిగారు. 1932లో మూడు కిటికీల కూపేకు అలాగే ఉండేది. చూడ్డానికి బాగుంటుంది. పరుగులో లాక్ వదిలితే గాలి దాన్ని ఒక్క ఊపున తెరిచేస్తుంది. రోడ్‌స్టర్‌లో అది మనుషుల ప్రాణానికి ముప్పు. వద్దు.

లాక్‌కు వచ్చేసరికి, రోటరీ లాక్ తీసుకోండి, హాట్ రాడ్ వాళ్ళు బేర్ క్లా అంటారు. పంజా లాంటిది స్తంభానికి ఉండే స్ట్రైకర్ బోల్టును చుట్టి పట్టుకుంటుంది. ఇప్పటి మన కార్ల డోర్ లాకులు కూడా ఈ పద్ధతివే, పుదుపేటలో పాత కార్ల నుంచి తీసినవి దొరుకుతాయి. రెండు క్లిక్కులు ఉన్నదే కొనండి: మొదటి క్లిక్కులో డోర్ సగం పట్టుకున్నా ఊడి తెరుచుకోదు. లాక్ బిగించేది చివర్లోనే. లాక్ లేకుండానే డోర్ తన చోట సమంగా కూర్చోవాలి. స్ట్రైకర్‌తో డోర్‌ను ఎత్తించి, లాగించి సమం చేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, ఆ తర్వాత స్తంభం దగ్గర పగులు వస్తుంది. స్ట్రైకర్‌ను వదులుగా పెట్టి, డోర్ మెల్లగా మూసి, పంజా మధ్యలోకి తనంతట తాను వచ్చిన చోటే బిగించండి.

రబ్బరు బీడింగ్ సంగతి చాలామంది మరిచిపోతారు. బీడింగ్ లేకుండా సమంగా కూర్చున్న డోర్, బీడింగ్ వేశాక రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి నెట్టుకొస్తుంది. మీరు వాడబోయే బీడింగ్ ముక్కలు ఇప్పుడే నాలుగు చోట్ల పెట్టి, అవి సగం దాకా నలిగేలా డోర్ సమం చేయండి. మెత్తటి, లోపల బోలుగా ఉన్న బీడింగ్ ఫైబర్ డోర్‌కు మంచిది. గట్టి రబ్బరు డోర్ పెంకునే వంచేస్తుంది.

ఇదంతా అయ్యాక మిగిలే తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. గ్రైండర్ చేతికి తీసుకోవాల్సింది ఇప్పుడు. ఎక్కువ ఉన్న చోట తీసేయండి, కానీ తీశాక లోపలి వైపు చూడండి. అంచులో బయటి పెంకూ లోపలి పెంకూ అంటిన గీత దాకా కోసేస్తే డోర్ విడిపోతుంది. అలాంటి చోట ముందు లోపల చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ రెండు మూడు వరసలు వేసి, ముదిరాక బయట తీయాలి.

తక్కువ ఉన్న చోట కట్టాలి. ఇక్కడే మీ ఫైబర్ ఆయన మాటతో నాకు పేచీ. పుట్టీతో అంచు కట్టొద్దు. పుట్టీ అంటే రెసిన్‌లో టాల్కు పొడి, అందులో పోగు లేదు. డోర్ ఒక్కసారి గట్టిగా మూస్తే అంచు పెళ్ళలుగా రాలుతుంది. రెసిన్‌లో సన్నగా కత్తిరించిన గాజు పోగులు కలిపి ముద్దలా చేసుకోండి. పక్కన ఉన్న బాడీ అంచుకు బ్రౌన్ ప్యాకింగ్ టేపు ముడతలు లేకుండా అంటించండి, రెసిన్ దానికి అంటుకోదు. డోర్ అంచును 40 నంబరుతో గీకి, అంగుళం లోపలి దాకా గరుకు చేయండి. సందులో కావలసిన మందానికి టేపు చుట్టిన రబ్బరు పట్టీ పెట్టి, డోర్ మూసి, ముద్దను దట్టించండి. ముదిరాక డోర్ తెరిస్తే రబ్బరు ఊడివస్తుంది, అంచు బాడీ వంపుకు అచ్చుగుద్దినట్టు వస్తుంది. బయట పొడవాటి చెక్కకు ఎమరీ అంటించి, డోర్ మూసి ఉంచి, బాడీ మీద నుంచి డోర్ మీదికి ఒకే దెబ్బలో రుద్దండి. చిన్న బ్లాకుతో రుద్దితే సందు దగ్గర గుంట పడుతుంది. పుట్టీ వాడేది చివర్లో, సన్నగా, పైపొరకే.

రెసిన్ కలిపేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర రెసిన్, కోబాల్టు (గట్టిపడటాన్ని వేగవంతం చేసే ద్రవం), హార్డనర్ మూడు విడివిడిగా ఇస్తారు. కోబాల్టును రెసిన్‌లో పూర్తిగా కలిపిన తర్వాతే హార్డనర్ పొయ్యాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటుంది, పేలవచ్చు కూడా. ఒకే కొలపాత్రలో రెండూ కొలవవద్దు. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం, కళ్ళద్దాలు పెట్టుకోండి, పడితే వెంటనే ధారాళంగా నీళ్ళతో కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళండి. మే నెలలో హార్డనర్ 1 శాతం చాలు, పొద్దున్నే పని చేసుకోండి. త్వరగా గట్టిపడుతోందని 1 శాతం కన్నా తగ్గించకండి, అప్పుడు ఎన్నాళ్ళున్నా పూర్తిగా ముదరదు. వానల రోజుల్లో మ్యాట్‌ను ప్లాస్టిక్ కవర్‌లో కట్టి ఉంచండి, తేమ పీల్చిన మ్యాట్‌లో రెసిన్ సరిగా ఇంకదు. గ్రైండింగ్ ధూళికి మంచి మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

సందు ఎంత వదలాలి? పెయింట్‌కు ముందు 5 మి.మీ. పెట్టుకోండి. ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి రెండు అంచుల మీదా పడితే అర మిల్లీమీటరు దాకా పోతుంది. మిగిలిన నాలుగున్నర ఇలాంటి బండికి చక్కటి సందు. మూడు మిల్లీమీటర్లకు దించాలని పంతం పట్టకండి. ఫైబర్ వేడికి ఉక్కు కన్నా రెట్టింపుకు పైగా వ్యాకోచిస్తుంది. మెరీనా దగ్గర మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండికి, ఉక్కుకు కట్టేసిన ఖాళీ పెద్దగా పెరగదు, డోర్ పెంకు పెరుగుతుంది. నలుపు రంగు వేస్తే ఇంకా ఎక్కువ. మామూలు ఆర్థో రెసిన్ (పాలిస్టర్‌లో ఒక రకం, ఐసో ఇంకో రకం) 60, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది, ఎండలో నల్లటి బాడీ పైన ఆ వేడి రావడం కష్టం కాదు. బాడీ ఏ రెసిన్‌తో పోశారో అడిగి తెలుసుకోండి. ఐసో రెసిన్ అయితే పరవాలేదు. ఆర్థో అయితే లేత రంగు వేసుకోండి.

ఫైబర్ పని చేసే మనిషి గురించి కూడా అడిగారు. కాసిమేడు వైపు ఫైబర్ పడవలు చేసే వాళ్ళలో మ్యాట్ వేయడం, గాలి బుడగ లేకుండా రోలర్ తిప్పడం వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ పని వాళ్ళకు నిశ్చింతగా ఇవ్వచ్చు. పడవకు డోర్ ఉండదు, ఐదు మిల్లీమీటర్లు వాళ్ళ లెక్కలోకి రావు. అందుకే కొలత, సందు, హింజ్ పని మీ చేతిలోనే ఉంచుకోండి, లేదా పాత కార్లు కట్టిన టింకర్‌ను పక్కన పెట్టుకోండి. ఇద్దరూ ఒకేచోట పని చేస్తే ఇంకా మేలు.

బండిని రోడ్డు మీద తిప్పాలని రాశారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. రంగు వేయకముందే ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడండి. ప్రదర్శనకో, సొంత స్థలంలోనో తిప్పుకునే బండిగా ఉంచుకోవాల్సి వస్తుందేమో ఇప్పుడే తెలిస్తే, లైట్లు, అద్దాల మీద పెట్టే డబ్బు ఎలా పెట్టాలో తేల్చుకోవచ్చు.

ఈ ఆదివారం బరువు ఎక్కించి, బోల్టులు వదులు చేసి, ఈ కొలతలు తీసి రాయండి: రెండు డోర్ ఖాళీల కర్ణాలు, బాడీ పైన అడ్డ కర్ణాలు, రెండు వైపులా డోర్ వెనక సందు పైన మధ్య కింద, ఇప్పుడు ఏ మౌంట్ కింద ఎంత ప్యాకింగ్ ఉందో. డ్రైవర్ వైపు మధ్య మౌంట్ కింద ఒక మిల్లీమీటరు పెట్టాక 2, 9 అన్నవి ఎంతకు వచ్చాయో కూడా రాస్తే, ఇంకా ఎంత ఎత్తాలో చెప్తాను. ఆ అంకెలు వచ్చేదాకా డోర్ అంచును ముట్టుకోవద్దని మీ ఫైబర్ ఆయనకు చెప్పండి.